అవకాశాలు అందని యువతకు సంప్రదాయ చేతిపనులు నేర్పడం ఎలా?

చదువు మధ్యలో ఆగిపోయినవారు, ఇంటి అవసరాల కోసం చిన్న వయసులోనే కూలికి వెళ్ళినవారు, ఆశ్రమాల్లో పెరిగి వయసు నిండగానే ఏ ఆసరా లేకుండా బయటికి వచ్చినవారు, వైకల్యం కారణంగా ఎవరూ పనిలో పెట్టుకోనివారు ఎందరో ఉన్నారు. ఇలాంటి యువతీయువకులకు ఏదైనా ఒక చేతిపని నేర్పాలని చిన్న బృందంగానో, ఒంటరిగానో సంకల్పించినవారి కోసం ఈ వ్యాసం. వడ్రంగం, నేత, బుట్టల అల్లిక, కుండల పని, తోలుపని, కుట్టుపని, వీటిలో దేనిని ఎంచుకున్నా ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లూ, నేర్పే క్రమమూ చాలా వరకు ఒకటిగానే ఉంటాయి. ఈ పనికి పూనుకునేవారిలో దయకు లోటుండదు గాని, ఆ దయే చాలాసార్లు శిక్షణను పాడుచేస్తుంది. ‘పాపం, వీరికి ఈ మాత్రం వస్తే చాలు’ అన్న ధోరణి నేర్పేవారి మాటలో ఎక్కడ తొంగిచూసినా నేర్చుకునేవారు వెంటనే పసిగడతారు, ఎందుకంటే పుట్టినప్పటి నుంచి వారు వింటూ వచ్చినది ఆ మాటే. పనితనం విషయంలో మరెవరికైనా ఏ కొలత పెడతారో వీరికీ అదే పెట్టి, దానిని అందుకోవడానికి కావలసిన తోడ్పాటును మాత్రం రెట్టింపు చేయాలి. కింద చెప్పే ఏర్పాట్లన్నీ ఆ ఉద్దేశంతో చెప్పినవే.

1. ఏ పని నేర్పాలో తేల్చుకోండి

మీకు ఏ కళ మీద మక్కువ ఉందన్నది పక్కన పెట్టి, ఈ ప్రశ్నలకు నిలబడే పనిని ఎంచుకోండి. ఆ పనితో నేటికీ బతుకుతున్నవారు చుట్టుపక్కల ఒకరిద్దరైనా ఉన్నారా? ముడిసరుకు ఏడాది పొడవునా దొరుకుతుందా? మొదటి రోజునే ఒక చిన్న వస్తువును పూర్తిచేయడానికి అందులో వీలుందా? యంత్రంతో చేసిన సరుకు పోటీకి రాని చోటు ఆ పనికి ఏదైనా మిగిలి ఉందా? ఈ చివరి ప్రశ్నను చాలామంది దాటవేస్తారు. ఒకే రకం వస్తువును వేల సంఖ్యలో చేయవలసిన చోట మనిషి చేయి యంత్రంతో పోటీ పడలేదు. కొలతకు తగ్గట్టు చేసి ఇవ్వవలసినవి, కొద్ది సంఖ్యలో మాత్రమే కావలసినవి, పాతవాటికి చేసే మరమ్మతులు మాత్రం చేతిపనివారికి దక్కుతాయి. మరమ్మతులను చిన్నచూపు చూడకండి. విరిగిన కుర్చీని విప్పి బిగించినవారికి అతుకు ఎక్కడ వదులవుతుందో, ఎందుకు వదులవుతుందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది, పైగా ఆ పనికి గిరాకీ త్వరగా తగ్గదు.

యునెస్కో 2003లో ఆమోదించిన అభౌతిక సాంస్కృతిక వారసత్వ ఒడంబడిక సంప్రదాయ హస్తకళా నైపుణ్యాన్ని తన ఐదు విభాగాలలో ఒకటిగా చేర్చింది. చేసిన వస్తువులను అద్దాల పెట్టెల్లో దాచడం కంటే, వాటిని చేసే విద్య ఒక తరం నుంచి మరో తరానికి అందేలా చూడడమే ఆ ఒడంబడికకు ముఖ్యం. ఆశయం మంచిదే. అయితే కొనేవారు పూర్తిగా కరువైన కళను బతికించే భారాన్ని తమ బతుకే నిలవని పిల్లల భుజాల మీద పెట్టడం న్యాయం కాదు. అలాంటి కళను వేరే ఆదాయం ఉన్నవారు తీరికవేళల్లో నేర్చుకుని నిలబెట్టవచ్చు. మీ దగ్గరికి వచ్చేవారికి కావలసింది ముందుగా నాలుగు డబ్బులు తెచ్చే పని.

2. నేర్పే మనిషిని వెతికి, ఆ మనిషికి తోడు ఇవ్వండి

చేయి తిరిగిన పనివారందరూ నేర్పగలరని అనుకోకూడదు. నలభై ఏళ్ళుగా ఉలి పట్టినవారి చేతికి తెలిసినది నోటికి తెలియకపోవచ్చు. ‘ఇలా చెయ్యి’ అని ఒక్క దెబ్బతో చూపిస్తారు, ఆ ఒక్క దెబ్బలో ఉలిని వంచిన కోణం, మణికట్టు ఆగిన చోటు, కొయ్య చప్పుడు మారగానే చేయి ఆపిన తీరు అన్నీ ఇమిడి ఉంటాయి, అవి విడివిడిగా ఉన్నాయని వారికే గుర్తుండదు. కాబట్టి పనివారితో పాటు, పని కొద్దిగా తెలిసి పిల్లలతో మాట్లాడడం బాగా తెలిసిన సహాయకులు ఒకరు ఉండాలి. తరగతులు మొదలయ్యే ముందు కొన్ని పూటలు ఈ సహాయకులు పనివారి పక్కన కూర్చుని, ప్రతి కదలిక దగ్గరా ‘ఇప్పుడు చేయి ఎందుకు మార్చారు?’, ‘సరిపోయిందని ఎలా తెలిసింది?’ అని అడిగి రాసుకోవాలి. మీ పాఠ్యప్రణాళిక అంతా ఆ కాగితాల్లోంచే తయారవుతుంది.

పనివారికి ఇచ్చే ప్రతిఫలం, ఆ పూట వారు సొంత పని చేసుకుంటే వచ్చే సంపాదన కంటే తక్కువ కాకూడదు. సేవాభావం పేరుతో వారి చేత ఉచితంగా పని చేయించుకోవడం, ఈ విద్యకు విలువ లేదని మీ విద్యార్థులకు మొదటి రోజే చెప్పినట్టు అవుతుంది. ఇంకో సంగతి కూడా ముందుగానే మాట్లాడుకోవాలి. కొన్ని కుటుంబాలు తరతరాలుగా తమలోనే ఉంచుకున్న మెళకువలు, నమూనాలు ఉంటాయి. వాటిలో ఏవి నేర్పవచ్చు, ఏవి నేర్పకూడదు, రేపు మీ విద్యార్థులు అదే సంతలో అదే సరుకు అమ్మితే గురువుగారి కుటుంబానికి అభ్యంతరమా అన్నవి రాతపూర్వకంగా తేల్చుకుంటే, మధ్యలో మనస్పర్థలు వచ్చి శిక్షణ ఆగిపోయే ప్రమాదం ఉండదు.

పనివారి గత చరిత్రను, పిల్లలతో వారి నడవడికను విచారించకుండా ఎవరినీ తరగతికి రానివ్వకండి. ఎంత పేరున్న కళాకారులైనా ఒక్క విద్యార్థితో ఒంటరిగా, తలుపు మూసిన గదిలో ఉండకూడదన్న నియమం అందరికీ ఒకటిగానే వర్తించాలి.

3. చేర్చుకోవడం

ప్రకటన చూసి తమంతట తాముగా వచ్చేవారు సాధారణంగా ఇప్పటికే కొంత ఆసరా ఉన్నవారే అయి ఉంటారు. మీరు వెతుకుతున్నవారు అలా రారు. వారితో ముందు నుంచీ పరిచయం ఉన్న ఉపాధ్యాయులు, ఆరోగ్య కార్యకర్తలు, ఆశ్రమాల నిర్వాహకుల ద్వారా ఒక్కొక్కరినీ కలిసి మాట్లాడండి. వారిలో చాలామందికి రోజు కూలి పోవడమే పెద్ద అడ్డంకి, కాబట్టి దారి ఖర్చులూ, కొంత భత్యమూ లేకుండా శిక్షణ ప్రకటించవద్దు. డబ్బు పరిమితంగా ఉంటే చేర్చుకునేవారి సంఖ్యను తగ్గించండి గాని భత్యాన్ని తగ్గించకండి. అమ్మాయిలు రావాలంటే మరుగుదొడ్డి, చీకటి పడకముందే ఇల్లు చేరే వేళ, కనీసం ఒక మహిళా శిక్షకురాలు ఉండాలి. చంటిబిడ్డ ఉన్న తల్లులు వచ్చే అవకాశం ఉంటే బిడ్డ పడుకోవడానికి ఒక మూల కూడా చూడండి.

వయసు విషయంలో చట్టాన్ని తెలుసుకోవడం తప్పనిసరి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో ఆమోదించిన 138వ ఒడంబడిక పనిలో చేరడానికి కనీస వయసును సాధారణంగా 15 ఏళ్ళుగా, ఆరోగ్యానికి లేదా భద్రతకు హాని కలిగించే పనులకు 18 ఏళ్ళుగా నిర్దేశించింది. విద్యాసంస్థల్లో శిక్షణలో భాగంగా చేసే పనిని వేరుగా చూసింది. మీ దేశపు చట్టం ఇంకా కఠినంగా ఉండవచ్చు, కాబట్టి దానినే పాటించాలి. శిక్షణ పేరుతో పిల్లల చేత సరుకు తయారు చేయించుకునే చోట్లు చాలా ఉన్నాయి, మీ చోటు వాటిలో ఒకటి కాదని కాగితం మీద చూపగలగాలి.

ఒక విడతకు ఆరుగురు నుంచి ఎనిమిది మంది చాలు. పదునైన పనిముట్లతో చేసే పనిలో ఒక జత కళ్ళు అంతకంటే ఎక్కువ చేతులను కనిపెట్టుకుని ఉండలేవు.

4. చోటు, పనిముట్లు, జాగ్రత్తలు

విశాలమైన భవనం అవసరం లేదు గాని వెలుతురు కావాలి. కుట్టుపని, నేత, నగిషీ వంటి సన్నని పనుల్లో వెలుతురు పక్క నుంచి, కుడిచేతి వాటం వారికి ఎడమ వైపు నుంచి పడితే చేతి నీడ పని మీద పడదు. తరగతి మొదలుపెట్టే ముందు అందరికీ కంటి పరీక్ష చేయించండి. ‘శ్రద్ధ లేదు’, ‘చెప్పింది వినడు’ అనిపించుకున్నవారిలో కొందరికి అసలు దారం కనిపించడం లేదని, ఒక కళ్ళజోడుతో సమస్య తీరిపోయిందని తేలడం అరుదేమీ కాదు. వయసు పైబడిన గురువుగారికి కూడా పరీక్ష చేయించండి, వారు మొహమాటంతో అడగరు.

పనిముట్లు తక్కువైనా పరవాలేదు, మంచివై ఉండాలి. విరాళంగా వచ్చిన మొండి ఉలులు, పళ్ళు వంగిన రంపాలు నేర్చుకునేవారికి తమకే చేతకాదన్న భ్రమ కలిగిస్తాయి. మొండి పనిముట్టు ప్రమాదకరం కూడా, ఎందుకంటే దానిని బలవంతంగా తోయవలసి వస్తుంది, బలంగా తోసినది ఒక్కసారిగా జారుతుంది. అందుకే వడ్రంగంలో మొదటి వారంలోనే సాన పట్టడం నేర్పాలని నా అభిప్రాయం. మామూలు ఉలిని ఇరవై అయిదు డిగ్రీల వాలుకు నూరి, అంచును మాత్రం ముప్ఫై డిగ్రీల దగ్గర సన్నగా పదును పెట్టడం వాడుకలో ఉన్న పద్ధతి. తాను పదును పెట్టిన ఉలి కాగితాన్ని చప్పుడు లేకుండా కోసినప్పుడు ఆ కుర్రవాడి నడకే మారుతుంది. ఎడమచేతి వాటం వారికి విడిగా కత్తెరలు తెప్పించండి, మామూలు కత్తెర వారి చేతిలో బట్టను కోయకుండా మడుస్తుంది. పని బల్ల ఎత్తును కూడా మనిషిని బట్టి సరిచూడాలి. చిత్రిక పట్టేటప్పుడు, అంటే కొయ్యను నునుపు చేసేటప్పుడు, నిలబడి చేయి కిందికి వదిలితే మణికట్టు వచ్చే చోటుకు కాస్త అటూ ఇటూగా బల్ల ఉంటే నడుము నొప్పి పుట్టదు.

జాగ్రత్తలను గోడ మీద పెద్ద పట్టికగా రాస్తే ఎవరూ చదవరు. చెప్పవలసినవి కొద్దిగానే ఉన్నాయి: కోసే వస్తువును పట్టుతో (క్లాంపుతో) బిగించాలి, రెండు చేతులూ అంచుకు వెనకే ఉండాలి, పనిముట్టును మరొకరికి ఇచ్చేటప్పుడు పిడి వారి వైపు ఉండాలి, జుట్టు ముడి వేసుకోవాలి. వీటిని రోజూ పనిలో పెట్టి చూపించాలి. కంటికి కనిపించని ప్రమాదాల గురించి మాత్రం విడమరిచి చెప్పండి. కొయ్య పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. కుండల పనిలో ఎండిన మట్టి నుంచి లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, కాబట్టి అక్కడ పొడి చీపురు వాడకుండా తడిగుడ్డతో తుడవాలి. సీసం ఉన్న మెరుగు పూతలను, మూలం తెలియని చవక రంగులను అసలు లోపలికి రానివ్వకండి. కోసుకుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా గట్టిగా అదిమి పట్టాలని, మధ్యమధ్య తీసి చూడకూడదని అందరికీ తెలిసి ఉండాలి. రక్తం ఆగకపోయినా, గాయం లోతుగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

5. మొదటి రోజు

ఉపన్యాసాలు, పరిచయ కార్యక్రమాలు, దరఖాస్తులు నింపడం ఇంకో రోజుకు వాయిదా వేయండి. మొదటి రోజు వచ్చినవారు సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు తమ చేత్తో పూర్తిచేసిన ఒక వస్తువు వెంట తీసుకువెళ్ళాలి. బడిలో మొదలుపెట్టినది ఏదీ పూర్తిచేయలేకపోయామన్న బాధ ఉన్నవారికి, పూర్తయిన వస్తువు ఎంత చిన్నదైనా చేతిలో ఉండడం పెద్ద విషయం.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఫిన్లాండ్‌లో ఊనో సిగ్నేయస్ కృషి వల్ల 1866లో ప్రజా పాఠశాలల్లో చేతిపని తప్పనిసరి పాఠం అయింది. ఆయన దారిలోనే స్వీడన్‌లోని నేస్ అనే చోట ఒట్టో సాలొమన్ 1870ల నుంచి ‘స్లాయిడ్’ అనే పద్ధతిలో దేశదేశాల ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చాడు. ఆ పద్ధతిలో నమూనాలు తేలిక నుంచి కష్టానికి వరుసగా ఉంటాయి. మొదటివి కేవలం కత్తితో చెక్కే పుల్లలు, మొక్కకు ఆసరాగా గుచ్చే పుల్ల వంటివి. ప్రతిదీ ఇంట్లో వాడుకకు వచ్చేదై ఉండాలి, ప్రతిదీ నేర్చుకునేవారు మొదటి నుంచి చివరి దాకా ఒంటరిగా చేయగలిగినదై ఉండాలి. విడి కసరత్తులు, పారేయవలసిన నమూనా అతుకులు అందులో లేవు. నూటయాభై ఏళ్ళ తరువాత కూడా ఈ నియమాన్ని మించినది నాకు కనిపించలేదు.

అల్లికలో అయితే చిన్న గుండ్రని చాప, తోలుపనిలో తాళంచెవుల పట్టీ, కుట్టుపనిలో నాడా సంచి, నేతలో చిన్న చట్రం మీద నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ మొదటి రోజుకు సరిపోతాయి. కుండల పనికి సారె, అంటే కుమ్మరి చక్రం, మొదటి రోజు వద్దు. సారె మీద మట్టిని మధ్యకు తేవడానికే వారాలు పడుతుంది, చేత్తో ఒత్తి చేసే చిన్న గిన్నె మొదటి పూటలోనే ఆకారానికి వస్తుంది, అయితే అది ఆరి కాలడానికి రోజులు పడుతుందని ముందే చెప్పాలి.

6. నేర్పే వరుస

వస్తువు తయారయ్యే వరుసలోనే పని నేర్పాలన్న నియమం లేదు. 1970లలో లైబీరియాలో వాయ్, గోలా తెగల దర్జీల దగ్గర శిష్యరికం ఎలా సాగుతుందో మానవశాస్త్రవేత్త జీన్ లేవ్ పరిశీలించింది. అక్కడ శిష్యులు ముందుగా గుండీలు కుట్టడం, అంచులు మడవడం వంటి చివరి పనులు నేర్చుకుంటారు, తరువాత ముక్కలు కలిపి కుట్టడం, అన్నిటికంటే చివర గుడ్డ కత్తిరించడం. ఇందులో రెండు లాభాలున్నాయి. గుండీ తప్పుగా కుడితే విప్పి మళ్ళీ కుట్టవచ్చు గాని, గుడ్డ తప్పుగా కోస్తే పోయినట్టే కాబట్టి, నష్టం తక్కువ ఉన్న పని నుంచి నష్టం ఎక్కువ ఉన్న పనికి వెళ్ళడం అవుతుంది. రెండోది, పూర్తయిన దుస్తు ఎలా ఉండాలో రోజూ చేత్తో పట్టుకుని చూసినవారికి, ఏ ముక్క ఎందుకు ఆ ఆకారంలో కోస్తారో కత్తెర పట్టే నాటికే అర్థమై ఉంటుంది. మీ పనిలోని దశలను కాగితం మీద రాసుకుని, వాటిలో తప్పితే దిద్దుకోలేనివి ఏవో గుర్తు పెట్టి, వాటిని చివరకు జరపండి. నేతలో పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా బిగించే దారాలు, సిద్ధం చేయడం అలాంటిది. కొత్తవారికి పడుగు ఎక్కించి ఉన్న మగ్గం మీద పేక, అంటే అడ్డదారం, వేయడం ముందు నేర్పి, ఆ దారాన్ని మోసే నాడె ఒడుపుగా ఆడుతూ అంచు నిలకడగా వస్తున్నప్పుడు పడుగు దగ్గరికి తీసుకురండి.

ఒకే పనిని గంటలకొద్దీ చేయించడం వల్ల ఆ పూటకు చేయి త్వరగా తిరుగుతుంది గాని ఎక్కువ కాలం నిలవదు. 1979లో షే, మోర్గాన్ అనే పరిశోధకులు చేతి కదలికల మీద చేసిన ప్రయోగంలో, ఒక్కొక్క కదలికనే వరుసగా సాధన చేసినవారు సాధన సమయంలో ముందున్నారు, కదలికలను కలగాపులగంగా సాధన చేసినవారు కొన్నాళ్ళ తరువాత జరిపిన పరీక్షలో మెరుగ్గా చేశారు. కాబట్టి చేయి మొదట కుదిరేంత వరకు ఒకే పని చేయించి, ఆ తరువాత ఒక పూటలోనే కోయడం, చిత్రిక పట్టడం, అతకడం కలిపి చేయించండి. ‘నిన్న వచ్చింది ఈ రోజు రావడం లేదు’ అని వారు నిరుత్సాహపడితే, ఇది ఇలాగే ఉంటుందని, మరిచిపోయి గుర్తు తెచ్చుకోవడమే నేర్చుకోవడంలో భాగమని ముందే చెప్పి ఉంచండి.

7. చూపించడం, దిద్దడం

నేర్పేవారు ఎదురుగా కూర్చుంటే కుడి ఎడమలు తారుమారై కనిపిస్తాయి. కాబట్టి నేర్చుకునేవారిని పక్కనో, భుజం వెనకనో నిలబెట్టుకుని చూపించాలి. మొదటిసారి మామూలు వేగంతో, మాట లేకుండా చేయండి, పని నడక ఎలా ఉంటుందో అప్పుడే కంటికి ఆనుతుంది. రెండోసారి నెమ్మదిగా, ఒక్కొక్క కదలిక దగ్గర ఆగి, రెండు మూడు మాటల్లో చెప్పండి. మూడోసారి వారు మీకు చెబుతుంటే మీరు చేయండి. నాలుగోసారి పనిముట్టు వారి చేతికి ఇవ్వండి. మాట్లాడుతూ చేసి చూపిస్తే చూడడమా వినడమా తేలక రెండూ పోతాయి.

తప్పు జరిగినప్పుడు గురువు చేసే పెద్ద పొరపాటు, విద్యార్థి చేతిలోంచి వస్తువును లాక్కుని సరిచేసి ఇవ్వడం. వస్తువు బాగుపడుతుంది, కాని ఇక అది ఆ విద్యార్థిది కాదు. చూపించవలసి వస్తే వేరే ముక్క మీద చూపించండి. వారి వస్తువును వారే విప్పి వారే మళ్ళీ చేయాలి. దిద్దే ముందు, మంచి వస్తువును, చెడిన వస్తువును పక్కపక్కన పెట్టి ‘వీటిలో తేడా ఏమిటి?’ అని అడిగితే సగం తప్పులు వారే పట్టుకుంటారు. ఇందుకోసం పనిలోని ప్రతి దశకూ ఒక సరైన నమూనాను, ఆ దశలో తరచుగా జరిగే తప్పులున్న రెండు మూడు నమూనాలను ఒక పలకకు బిగించి గోడకు తగిలించండి. చదవడం రానివారికి ఇదే పాఠ్యపుస్తకం, చదవడం వచ్చినవారికి కూడా పుస్తకం కంటే ఇదే నయం.

మెచ్చుకోలు విషయంలో పొదుపు పాటించండి. బాగా లేనిదానిని బాగుందంటే వారు నమ్మరు, అంతేకాక నిజంగా బాగున్నదానిని బాగుందన్నప్పుడు కూడా నమ్మరు. ‘ఈ అంచు సమంగా వచ్చింది, ఈ మూల దగ్గర బద్ద వదులైంది, మళ్ళీ అల్లాలి’ అన్న మాటలో మెప్పూ ఉంది, దిద్దుబాటూ ఉంది, మనిషి మీద తీర్పు మాత్రం లేదు. ప్రతి ఒక్కరూ చేసిన మొదటి వస్తువు మీద తేదీ వేసి, వారి అనుమతితో దాచి ఉంచండి. రెండు నెలల తరువాత ఎవరైనా ‘నాకు రాదు’ అని చేతులెత్తేస్తే, ఏ ఓదార్పూ చెప్పకుండా ఆ వస్తువును తాజాగా చేసినదాని పక్కన పెడితే సరిపోతుంది.

8. లెక్కలు, కొలతలు

అంకెలంటే భయపడేవారికి మొదట కొలత కర్రతో పని చేయించండి. వస్తువు పొడవు, వెడల్పు, రంధ్రాల దూరం అన్నిటినీ ఒక సన్నని కర్ర మీద గీతలుగా పెట్టుకుని, ఆ గీతలను నేరుగా చెక్క మీదికి దించుకోవడం పాత వడ్రంగుల పద్ధతి. ఇందులో అంకె లేదు, కాబట్టి తప్పు చదవడమూ లేదు. కొన్నాళ్ళకు ఇదే వస్తువును సగం పరిమాణంలో చేయాలని అడిగితే భాగహారం, నిష్పత్తి అవసరమై వాటంతట అవే ముందుకు వస్తాయి. అవసరం పుట్టాక నేర్పిన లెక్కను ఎవరూ వద్దనరు.

9. రానివారు, మధ్యలో ఆగినవారు

వీరి జీవితాల్లో అవాంతరాలు తప్పవు. ఇంట్లో జబ్బు చేస్తుంది, పని దొరికిన వారం తరగతి ఎగ్గొడతారు, పోలీసు కేసులు, అప్పులవాళ్ళు, ఇల్లు ఖాళీ చేయవలసి రావడం ఏదో ఒకటి ఉంటుంది. మూడు రోజులు రాకపోతే పేరు కొట్టేసే నియమం పెడితే, ఎవరి కోసం మీరు మొదలుపెట్టారో వారే మొదట బయటపడతారు. దీనికి మారుగా, ఎవరి పని వారి పేరు రాసిన పెట్టెలో భద్రంగా ఉండేలా, ఎంత వరకు వచ్చారో ఒక చీటీ మీద గీసి ఉండేలా ఏర్పాటు చేయండి. నెల తరువాత వచ్చినా అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. రాని రోజున మరునాటికల్లా ఎవరో ఒకరు వెళ్ళి పలకరించాలి, నిలదీయకూడదు. మత్తులో వచ్చినవారిని మాత్రం ఆ పూట పనిముట్లు ముట్టనివ్వకుండా, గౌరవంగా కూర్చోబెట్టి, సురక్షితంగా ఇంటికి పంపించాలి. ఈ ఒక్క విషయంలో సడలింపు ఉండకూడదు.

పని చేసేటప్పుడు చేతులు కదులుతూ, కళ్ళు కిందికి ఉన్న వేళ, వారు కొన్నిసార్లు ఎవరికీ చెప్పని కష్టాలు చెబుతారు. వినండి, కాని చికిత్సకులుగా మారకండి. ఎవరైనా హింసకు గురవుతున్నట్టు తెలిస్తే దానిని రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వవద్దు. అలాంటి సమయంలో ఎవరికి తెలియజేయాలో, ఏ సేవలకు పంపాలో తరగతి మొదలుకాక ముందే తెలిసి ఉండాలి.

10. అమ్మకం

గాంధీ ఆలోచనతో 1937లో వార్ధా సమావేశం నుంచి పుట్టిన మౌలిక విద్యా ప్రణాళికలో చేతివృత్తే చదువుకు కేంద్రం. పిల్లలు చేసిన వస్తువుల అమ్మకంతో బడి ఖర్చు కొంతైనా గడవాలన్న ఆశ కూడా అందులో ఉంది. దానిని రూపొందించిన జాకిర్ హుస్సేన్ సంఘమే, ఆర్థిక లక్ష్యం విద్యా లక్ష్యాన్ని మింగేసే ప్రమాదం ఉందని తన నివేదికలో హెచ్చరించింది. ఆ హెచ్చరిక మీకూ వర్తిస్తుంది. మీ సంస్థ ఖర్చులు విద్యార్థుల సరుకు మీద ఆధారపడితే, త్వరగా చేయగలిగినవారికి త్వరగా చేయగలిగిన పనే రోజూ అప్పగించాలన్న ఒత్తిడి మీ మీద మొదలవుతుంది. కాబట్టి శిక్షణ ఖర్చును వేరే దారిలో సమకూర్చుకుని, అమ్మకంలో వచ్చినదాన్ని చేసినవారికే చెందనివ్వండి.

సాధన కోసం చేసినవి, లోపమున్నవి అమ్మకానికి పెట్టకూడదు. ధర కట్టడం కూడా వారికి నేర్పవలసిన విద్యే. ముడిసరుకు ఖర్చు, పట్టిన గంటలకు న్యాయమైన కూలి, పనిముట్ల అరుగుదల, చోటు అద్దెలో వాటా, అమ్మినవారి వాటా అన్నీ కలిపి ఒక వస్తువుకు ఎంతవుతుందో వారి చేతనే లెక్క వేయించండి. ఆ ధరకు కొనేవారు లేరని తేలితే, కూలి తగ్గించడానికి ముందు వస్తువును మార్చడమో, వేగం పెంచే ఒడుపు నేర్పడమో చూడాలి. లెక్కల పుస్తకం ఎవరైనా తెరిచి చూసుకునేలా ఉండాలి.

వస్తువుతో పాటు చేసినవారి కష్టగాథను, ఫొటోను జోడించి అమ్మాలన్న ఆశ చాలామందికి కలుగుతుంది. జాలి పడి కొన్నవారు ఒక్కసారే కొంటారు, బాగుందని కొన్నవారు మళ్ళీ వస్తారు. పైగా ఇరవై ఏళ్ళ వయసులో అచ్చయిన ఆ కథ ముప్ఫై ఏళ్ళప్పుడు ఉద్యోగానికి వెళ్ళినా, పెళ్ళి మాటలకు వెళ్ళినా వారిని వెంటాడుతుంది. వస్తువు మీద చేసినవారి పేరో గుర్తో ఉంటే చాలు, అది కూడా వారికి ఇష్టమైతేనే.

11. బయటికి పంపించడం

శిక్షణ పొందిన ప్రతి ఒక్కరూ అదే వృత్తిలో స్థిరపడతారని ఎవరికీ మాట ఇవ్వకండి. కొందరు నిలబడతారు, కొందరు ఆ చేతి అలవాటుతో వేరే పనుల్లోకి వెళతారు, కొందరికి అది సాయంత్రపు పనిగా మిగులుతుంది. వృత్తిలో కొనసాగాలనుకునేవారిని నడుస్తున్న పనిశాలల్లో శిష్యరికానికి పంపండి. ఎన్ని గంటలు, ఎంత కూలి, ఏ పనులు నేర్పాలి, గాయమైతే ఖర్చు ఎవరిది అన్నవి రాతలో ఉండాలి. మొదటి మూడు నెలలు మీలో ఒకరు తరచుగా వెళ్ళి చూడాలి, ఎందుకంటే అక్కడ నెలల తరబడి ఊడ్చే పనే చేయిస్తున్నా కొత్తవారు చెప్పుకోరు.

వెళ్ళేవారికి ధ్రువపత్రంతో పాటు, వారు ఇన్నాళ్ళూ వాడిన పనిముట్లనే ఒక పెట్టెలో పెట్టి ఇవ్వండి. కొత్త పనిశాలలో సొంత పనిముట్లతో వచ్చినవారిని చూసే తీరు వేరుగా ఉంటుంది. ఒంటరిగా పని మొదలుపెట్టేవారికి ముడిసరుకు మొదటి విడత అప్పుగా ఇచ్చి, సరుకు అమ్ముడుపోయాక తిరిగి తీసుకునే పద్ధతి పెట్టవచ్చు. వారంలో ఒక సాయంత్రం పనిశాల తలుపులు పాత విద్యార్థుల కోసం తెరిచి ఉంచండి. సాన పట్టుకోవడానికి, పెద్ద పట్టు కావలసిన అతుకు బిగించుకోవడానికి, కుదరని కొలత గురించి అడగడానికి వారు వస్తారు, కొత్త విడతలోని వారికి అప్పుడప్పుడు ఒక పూట నేర్పమని వారిని అడగండి, ఆ పూటకు గురువుగారికి ఇచ్చే లెక్కనే వారికీ చెల్లించండి.